గోదావరిఖని లేబర్ కోర్టు

పెద్దపల్లి జిల్లా గోదావరిఖనిలోని పారిశ్రామిక ట్రిబ్యునల్-లేబర్ కోర్టుకు వాడుక పేరు ఇది. తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి సంస్థ కార్మికులు ఇక్కడి కక్షిదారుల్లో ఉన్నారు.

నేపథ్యం: 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద వివాదాన్ని ప్రభుత్వమే కోర్టుకు నివేదించాల్సి ఉండేది. 1987లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో, డిస్మిస్ అయిన కార్మికుడు యూనియన్ అండ లేకున్నా నేరుగా కేసు వేసే వీలు కలిగింది. దేశమంతటికీ ఇలాంటి వెసులుబాటు 2010లో వచ్చింది.

విచారణ: గనుల్లో తరచూ నాగాలు పెట్టడం డిస్మిస్‌కు దారితీసే అభియోగాల్లో ఒకటి. అలాంటి కేసులో ఛార్జిషీటు, కార్మికుడి సంజాయిషీ, ఎంక్వయిరీ కాగితాలు, ఏటేటా పడిన మస్టర్ల లెక్క కోర్టు ముందుకు వస్తాయి. జబ్బు చేసి డ్యూటీకి రాలేదంటే ఆసుపత్రి చీటీలే ఆధారం. ఎంక్వయిరీ సక్రమంగా జరిగినా, తప్పుకు మించిన శిక్ష పడిందనిపిస్తే 1947 చట్టంలోని 11ఎ సెక్షన్ కింద కోర్టు దాన్ని తగ్గించగలిగేది. పాత జీతం ఇప్పించకుండా ఉద్యోగం మాత్రమే తిరిగి ఇప్పించనూగలిగేది. తీర్పు నచ్చని పక్షం హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి 1947 చట్టం స్థానాన్ని తీసుకుంది.