దుమ్ముగూడెం: ఆనకట్ట, పోడు, బొగ్గు

దుమ్ముగూడెం దగ్గర గోదావరికి అడ్డంగా ఉన్న పాత ఆనకట్ట మొదట సాగునీటి కోసం తలపెట్టింది కాదు. మధ్య పరగణాల పత్తిని పడవల మీద సముద్రతీరానికి చేర్చాలన్న సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన మేరకు, నదిలోని రాతి అడ్డంకిని లాకులతో, పక్క కాలువతో దాటించేందుకు కెప్టెన్ హేగ్ ఆధ్వర్యంలో సాగిన పనుల్లో అది భాగం. వేసవిలో పడవ తేలేంత నీరుండక, వానాకాలంలో ఉద్ధృతిని తట్టుకోలేక పని కుంటుతూ ఉండగా, 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరడంతో పత్తికి వేరే దారి దొరికింది. 1871లో ప్రభుత్వం పథకాన్ని విరమించుకుంది. కాబట్టి ఎండకు ఇంకడం, వానకు పొంగడం ఈ నదికి కొత్త కాదు. కొత్తగా వచ్చింది వాటి తీవ్రత.

ఇక అడవి విషయానికొస్తే, 1874లో దుమ్ముగూడెం ఉన్న భద్రాచలం తాలూకా గోదావరి జిల్లాలో కలిసిన తరువాత, 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద అడవులు రిజర్వు అవుతూ వచ్చాయి. కొండవాలున పొదలు నరికి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి, మళ్లీ అడవి పెరిగేందుకు నేలను వదిలేసే పోడు సేద్యం అడవికి శత్రువన్న ముద్ర అధికారుల రాతల్లో స్థిరపడింది. టేకు దుంగలు మాత్రం తెప్పలుగా గోదావరి మీద రాజమహేంద్రవరం చేరుతూనే ఉన్నాయి. పోడు చేసుకునే ఇక్కడి కోయ గిరిజనులను నేరస్థులుగా నిలబెట్టిన ఆ ముద్ర న్యాయమైనది కాదు.

ఎండల, వానల తీవ్రతను పెంచుతున్న వేడిమికి అసలు మూలం పోడులో కాదు, చాలావరకు బొగ్గులోనూ చమురులోనూ ఉంది. ఇల్లెందులో 1889లో మొదలైన బొగ్గు తవ్వకం క్రమంగా విస్తరించి, దుమ్ముగూడేనికి నది ఆవలి ఒడ్డున ఉన్న మణుగూరులో ఉపరితల గనుల రూపం దాల్చింది. అక్కడే 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం నడుస్తోంది. బొగ్గు మండినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని బయటికి పోనివ్వదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు కనుక, కురిసినప్పుడు వాన కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతుంది. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022లో జూలైలోనే 71.3 అడుగులకు చేరింది. ఏ ఒక్క వరదనూ వాతావరణ మార్పు ఒక్కదానికే అంటగట్టలేకపోయినా, ఇలాంటి వానలకు అనువైన పరిస్థితి బలపడుతోందన్నది శాస్త్రం చెప్పే మాట.

వరద కంటికి కనిపిస్తుంది. అడవి ఫలసాయానికి తగిలే దెబ్బ అంతగా కనిపించదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి రాలిన విప్పపువ్వును తెల్లవారుజామునే ఏరి ఎండబెడతారు. ఆ రోజుల్లో మబ్బు పట్టి చినుకు పడితే పువ్వు నల్లబడి బూజు పడుతుంది. తరువాత వచ్చే తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు, వేసవిలో కొద్ది వారాలపాటు గిరిజన కుటుంబాల చేతికి డబ్బు తెచ్చే పంట; 50 ఆకులను ఒక కట్టగా కట్టి కల్లంలో పరిచి ఆరబెడతారు. అకాల వానకు ఆకు మచ్చలు పడినా, వడగళ్లకు చిల్లులు పడినా కల్లంలో ఆకు కొనే కల్లేదారు ఆ కట్టలను తీసుకోడు, ఇంటిల్లిపాదీ పొద్దున్నుంచి అడవంతా తిరిగి కోసిన ఆకుకు ఆ రోజు డబ్బు రాదు.