ఒక ఓడ, నాలుగు పేర్లు

భర్త పోయాక ఫ్లోరిడాలోని ఇల్లు అమ్మేసి, ఓడలోనే కాపురం పెట్టిన ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేవారు. మొదట ప్రిన్సెన్‌డామ్ అనే ఓడలో మూడేళ్లు ఉన్నారు. సాయంత్రమైతే డ్యాన్సు చేయందే ఆవిడకు పొద్దుపోదు. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లతో జతకట్టి ఆడడానికి కంపెనీ కొందరు మగవాళ్లను ఓడలో పెట్టేది. వాళ్లను డ్యాన్స్ హోస్టులంటారు. ఒకరోజు ఆ ఏర్పాటు ఎత్తేస్తున్నామని కబురొచ్చింది. ఆవిడ వాదనకు దిగలేదు. పెట్టె సర్దుకుని క్రిస్టల్ సెరెనిటీ అనే ఇంకో కంపెనీ ఓడెక్కేశారు. అక్కడే ఏళ్లకేళ్లు ఉండిపోయి, ఆ కాపురం మీద ఓ పుస్తకం కూడా రాశారు.

ఖరీదైన క్రూయిజుల వ్యాపారం నిలబడేది ఇలాంటి పాత కాపుల మీదే. కొత్తవాళ్లను పట్టుకురావాలంటే ప్రకటనలకు బోలెడు ఖర్చు. పాతవాళ్లయితే దిగే ముందే వచ్చే ఏడాదికి క్యాబిన్ రాయించుకుంటారు. వాళ్లు అడిగేది కూడా పెద్దగా ఏమీ ఉండదు: నిరుడు ఎలా ఉందో ఈసారీ అలాగే ఉండాలి. కాఫీలో చక్కెర ఎంతో స్టూవర్డుకు గుర్తుండాలి, కిటికీ పక్క టేబులు దొరకాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. వాళ్లకు మార్పు గిట్టదు, ఓడ కంపెనీలేమో పదేళ్లకోసారి చేతులు మారుతుంటాయి.

ఈ వ్యాపారం ఎక్కడ మొదలైందో తెలియాలంటే హాంబర్గ్ దాకా వెళ్లాలి. అక్కడి హపాగ్ కంపెనీలో పెద్ద బాధ్యతల్లో ఉన్న ఆల్బర్ట్ బాలిన్‌కు ఏటా చలికాలం ఒక తలనొప్పి. అట్లాంటిక్‌లో తుపానులు, న్యూయార్క్ వెళ్లేవాళ్లు తక్కువ. అంత ఖర్చుపెట్టి కట్టించిన ఓడలు రేవులో ఊరికే పడుండేవి. ఎండ లేక అల్లాడే డబ్బున్నవాళ్లను ఎండ ఉన్న చోటికి తిప్పుకొస్తే పోలేదా అనుకున్నాడు. 1891 జనవరి 22న ఆగస్టా విక్టోరియా అనే ఓడ 241 మందితో కుక్స్‌హాఫెన్ నుంచి మధ్యధరా సముద్రానికి బయల్దేరింది. దాదాపు రెండు నెలల విహారం. ఊరు చేరడానికి కాకుండా ఓడలో ఉండడానికే టికెట్టు కొనే అలవాటుకు చరిత్రకారులు సాధారణంగా చెప్పే మొదలు ఇదే. అంతకుముందూ ఆ ఛాయలు లేకపోలేదు. 1844లోనే పి అండ్ ఓ కంపెనీ ఇంగ్లిష్ నవలాకారుడు థాకరేకి ఉచితంగా టికెట్టిచ్చి మధ్యధరా తిప్పింది, ఆయన తిరిగొచ్చి పుస్తకం రాశాడు. ఈనాటి యూట్యూబర్లకు హోటళ్లు ఉచితంగా గదులివ్వడం ఏమంత కొత్త విద్య కాదన్నమాట.

ఆగస్టా విక్టోరియా విజయం చూశాక బాలిన్ విహారానికని ప్రత్యేకంగా ఒక ఓడ కట్టించాడు. ప్రిన్‌జెసిన్ విక్టోరియా లూయిజా అని పేరు. 1901లో తొలి ప్రయాణం. అందులో మూడో తరగతి లేదు, వలసజనం లేరు, అందరూ మొదటి తరగతివాళ్లే. 1906 డిసెంబరులో జమైకా దగ్గర రాళ్లకెక్కి పోయింది. ప్రయాణికులందరూ క్షేమంగా బయటపడ్డారు, కెప్టెన్ మాత్రం తన గదిలోకి వెళ్లి కాల్చుకున్నాడు.

ఆ తరవాత అర్ధ శతాబ్దం పాటు క్రూయిజు అనేది లైనర్లకు పక్క పనిగానే ఉండిపోయింది. ఆ బతుకును తలకిందులు చేసింది విమానం. 1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాయి. ఐదారు రోజుల ప్రయాణం ఏడెనిమిది గంటలకు దిగిపోయింది. ఓడలకు రెండే దారులు మిగిలాయి: తుక్కుకు పోవడమో, విహారానికి తిరగడమో.

విహారానికి తిరిగినవాటిలోనూ రెండు దారులు చీలాయి. 1972లో మయామీలో కార్నివాల్ మొదలైంది. తొలి ఓడ మార్డీ గ్రా మొదటి ప్రయాణంలోనే మయామీ ఒడ్డున ఇసుకలో దిగబడింది. అయినా చవక టికెట్టు, సరదా, సందడి అన్న సూత్రం పారింది. అదే ఏడాది మూడు నార్వే కంపెనీలు కలిసి రాయల్ వైకింగ్ లైన్ పెట్టాయి. వాళ్ల లెక్క వేరు. స్టార్, స్కై, సీ అని మూడు తెల్ల ఓడలు, ఒక్కోదాంట్లో ఐదారు వందల మంది, నెలల తరబడి ప్రయాణాలు. భోజనానికి బంతులు లేవు, అందరూ ఒకేసారి కూర్చోవచ్చు. ఈ ఒక్క ముక్క కోసమే పెద్ద ఓడలు వదిలి వచ్చినవాళ్లున్నారంటే నమ్మొచ్చు. పెళ్లిలో రెండో బంతికి ఎదురుచూసినవాళ్లకు ఆ సుఖం విడమరిచి చెప్పక్కర్లేదు. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు స్కాల్డ్ క్లబ్ అని ఒక సంఘం పెట్టారు. స్కాల్డ్ అంటే పాత నార్స్ భాషలో ఆస్థాన కవి. వైకింగ్ రాజుల కొలువులో వీరగాథలు పాడేవాడి పేరును ఓడ టికెట్లు కొనేవాళ్లకు తగిలించడం కొంచెం ఎక్కువే అనిపిస్తుంది కానీ, సముద్రం మీద అనుభవాలను ఊళ్లో తిరిగి చెప్పేవాళ్లన్న అర్థంలో అతికింది.

అయితే ఐదువందల మందితో లాభం ఎంతని మిగులుతుంది? 1980ల మొదట్లో ఆ మూడు ఓడలనూ ఒక్కొక్కటిగా జర్మనీ పంపి, మధ్యకు కోసి, 28 మీటర్ల ముక్క కొత్తగా ఇరికించి అతికించారు. గదులు పెరిగాయి, జనం ఏడువందలు దాటారు. ఆ కాలంలో కంపెనీ నడిపినవాడు టోర్‌స్టైన్ హాగెన్ అనే నార్వే యువకుడు. ఈ పేరు గుర్తుంచుకోవాలి. 1984లో కంపెనీని తానే కొనాలని చూశాడు, కుదరలేదు. క్లోస్టర్ సంస్థ ఎగరేసుకుపోయింది, హాగెన్ బయటికి వచ్చేశాడు. క్లోస్టర్ చేతుల్లో 1988లో ఫిన్లాండ్‌లోని తుర్కులో తయారైన నాలుగో ఓడే రాయల్ వైకింగ్ సన్.

ఆ ఓడ 1994లో క్యునార్డ్‌కు అమ్ముడుపోయింది. 1998లో క్యునార్డే కార్నివాల్ చేతికి వచ్చింది. 1999లో ఓడ పేరు సీబోర్న్ సన్. 2002లో హాలండ్ అమెరికా లైన్‌కు మారి ప్రిన్సెన్‌డామ్ అయింది. డ్యాన్సు పెద్దావిడ కాపురమున్నది దీంట్లోనే. స్కాల్డ్ క్లబ్ రోజుల నుంచీ ఈ ఓడనే పట్టుకుని ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల క్లబ్ కార్డు అన్నిసార్లూ మారి ఉండాలి. క్యాబిన్ తలుపు మాత్రం అదే.

హాలండ్ అమెరికా పద్ధతి దగ్గర్నుంచి చూడదగ్గది. ఓడలో గడిపిన రోజులు లెక్కకట్టి పతకాలిస్తారు. 100 రోజులకు కంచు, 300కి వెండి, 500కి బంగారు, 700కి ప్లాటినం. ప్రయాణం మధ్యలో ఒక పూట సభ పెట్టి పేర్లు పిలుస్తారు. వరసగా వచ్చి పతకాలు అందుకునేవాళ్లలో చేతికర్రలవాళ్లూ ఉంటారు, చక్రాల కుర్చీలవాళ్లూ ఉంటారు. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. లోపలి గదిలో ఉన్నా, మేడ మీద సూట్‌లో ఉన్నా రోజు రోజే. ఎన్నాళ్లు సముద్రం మీదున్నావన్నదే కొలత. తరవాత్తరవాత పాత కాపులకూ కంపెనీలకూ తేడా వచ్చింది సరిగ్గా ఈ కొలత దగ్గరే.

ఈలోగా చిన్న ఓడల రాజ్యం కాసేపు వెలిగింది. 1984లో వచ్చిన సీ గాడెస్ ఓడలో 120 మంది కూడా పట్టరు. మందు, టిప్పు అన్నీ టికెట్టులోనే. రాయల్ వైకింగ్ తొలి అధిపతి వారెన్ టైటస్ అక్కడ మానేసి సీబోర్న్ లైన్ నిలబెట్టాడు. 1988లో వచ్చిన దాని మొదటి ఓడలో రెండువందల మందికి అన్నీ సూట్లే. 1990లో జపాన్ కంపెనీ ఎన్‌వైకె క్రిస్టల్ హార్మొనీని దించింది. 1994లో రోమ్‌కు చెందిన లెఫెవ్రె కుటుంబం సిల్వర్‌సీ మొదలుపెట్టింది. పాత కాపులకు అదొక స్వర్ణయుగం. ఏ ఓడెక్కినా పేరు పెట్టి పలకరించేవాళ్లే.

ఒక్కొక్కటీ పెద్ద చేపల నోట్లోకి పోయింది. సీబోర్న్ కార్నివాల్‌కు, 2014లో రీజెంట్ సెవెన్ సీస్ నార్వీజియన్ క్రూయిజ్ సంస్థకు, 2018లో సిల్వర్‌సీలో మూడింట రెండు వంతులు రాయల్ కరేబియన్‌కు. 2015లో క్రిస్టల్‌ను మలేసియా మూలాలున్న గెంటింగ్ 55 కోట్ల డాలర్లకు కొంది.

క్రిస్టల్‌కు పట్టిన గతి మాత్రం ఎవరూ ఊహించనిది. కొవిడ్ దెబ్బకు గెంటింగ్ హాంకాంగ్ 2022 జనవరిలో దివాలా తీసింది. జనవరి 22న క్రిస్టల్ సింఫనీ మయామీ చేరాలి. ఇంధనం బాకీ కట్టలేదని అమెరికా కోర్టు ఆ ఓడను పట్టుకోమంది. ఓడ అమెరికా నీళ్లలోకి రాకుండా బహమాస్‌లోని బిమినీకి మళ్లింది. సూట్ల కోసం వేలకు వేలు పోసినవాళ్లు సామాన్లతో ఫెర్రీ ఎక్కి ఫ్లోరిడా చేరారు. తరవాత సింఫనీ, సెరెనిటీ రెండు ఓడలనూ బహమాస్‌లోనే పట్టేశారు. అదే ఏడాది వాటిని వేలంలో కొన్నదెవరో కాదు, నాలుగేళ్ల కిందట సిల్వర్‌సీలో పెద్ద వాటా అమ్మేసిన మన్‌ఫ్రెడీ లెఫెవ్రె. గదులు పగలగొట్టి విశాలం చేయించాడు. వెయ్యి మంది పైగా పట్టే సెరెనిటీలో ఇప్పుడు 740 మందే. పాత సిబ్బందిలో చాలామందిని వెతికి వెనక్కి రప్పించాడు. 2023లో ఓడలు మళ్లీ కదిలాయి. వ్యాపారి కాబట్టి అతనికి తెలుసు, పాత కాపు ఓడెక్కగానే ముందు చూసేది ఇనుమును కాదు, బార్ వెనక నిలబడ్డ మనిషిని.

అందరూ అలా ఆలోచించడం లేదు. 2024లో రాయల్ కరేబియన్ సంస్థ తన మూడు లైన్ల మెంబర్‌షిప్ హోదాలను ఒకదానికొకటి సరిపెట్టింది. వేలమంది ఎక్కే ఓడల్లో సంపాదించిన హోదా సిల్వర్‌సీలోనూ చెల్లుతుంది. పెద్ద ఓడవాళ్లకు ఇది పండగ. ఏళ్లకేళ్లు సిల్వర్‌సీలోనే రోజులు కూడబెట్టుకున్నవాళ్లకు మాత్రం తమ వీధి అరుగు మీద ఊరంతా వచ్చి కూర్చున్నట్టుంటుంది. కార్నివాల్ ఇంకో అడుగు ముందుకేసింది. ఎన్ని రాత్రులు గడిపారన్నది పక్కనబెట్టి, రెండేళ్లలో ఎంత ఖర్చుపెట్టారన్న దాన్నిబట్టి హోదా ఇస్తామని, 2026 నుంచి అమలని 2025 జూన్‌లో ప్రకటించింది. కార్నివాల్ ఖరీదైన లైన్ కాదు, నిజమే. కానీ సీబోర్న్, హాలండ్ అమెరికా ఉన్నది ఆ ఇంట్లోనే. పతకాల వాళ్లు ఆ ప్రకటనను ఎందుకంత శ్రద్ధగా చదివారో అర్థంచేసుకోవచ్చు.

మరోవైపు, విహార ఓడల్లో చెరిగిపోయిన తరగతులు దొడ్డిదారిన తిరిగొచ్చాయి. నాలుగైదు వేల మంది ఉండే ఓడల్లోనే తాళం కార్డుతో తెరుచుకునే ప్రత్యేక అంతస్తులు, వాళ్లకే వేరే ఈతకొలను, వేరే భోజనశాల. ఎమ్మెస్సీ అనే కంపెనీ దీన్ని యాట్ క్లబ్ అంటుంది, నార్వీజియన్ హేవెన్ అంటుంది. హోటళ్లవాళ్లు కూడా సముద్రంలోకి దిగారు. 2022లో రిట్జ్-కార్ల్‌టన్ మొదటి యాట్ ఎవ్రిమా బయల్దేరింది. వాటిలో టక్సీడో రాత్రులు లేవు. పొడుగు గౌను, నల్ల కోటు ఇస్త్రీ చేయించి తెచ్చుకునేవాళ్లకు ఇక మిగిలింది ముఖ్యంగా క్యునార్డే.

చేతులు మారిన ఓడ ఒకటి తెలుగువాళ్లకూ తెలుసు. 2022 జూన్‌లో విశాఖ రేవుకు వచ్చిన కార్డీలియా క్రూయిజ్ కంపెనీ వారి ఎంప్రెస్‌ను చూడడానికి జనం ఎగబడ్డారు. ఆ ఓడ పుట్టింది 1990లో, రాయల్ కరేబియన్ వారి నార్డిక్ ఎంప్రెస్‌గా. అట్లాంటిక్ అవతల దాన్ని తమ ఇల్లనుకున్నవాళ్లు ఇప్పటికీ ఉండే ఉంటారు.

ఇక హాగెన్. 1984లో ఖాళీ చేతులతో వచ్చేసిన మనిషి 1997లో నదుల మీద పడవలతో మొదలుపెట్టి, 2015లో సముద్రంలోకి దిగాడు. కంపెనీ పేరు వైకింగ్. ఓడకు తొమ్మిదివందల పైచిలుకు మంది, క్యాసినో లేదు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు. మొదటి ఓడకు వైకింగ్ స్టార్ అని పేరుపెట్టాడు. తరవాత వచ్చినవి వైకింగ్ సీ, వైకింగ్ స్కై, వైకింగ్ సన్.

అసలు రాయల్ వైకింగ్ సీ 2021లో గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డున తుక్కయింది. రాయల్ వైకింగ్ సన్ మాత్రం ఇంకా తిరుగుతోంది. 2019లో జర్మన్ కంపెనీ ఫీనిక్స్ దాన్ని కొని అమెరా అని నాలుగో పేరు పెట్టింది. ఇప్పుడు ఓడ మైకులో వినిపించేది జర్మన్ భాష.