మావయ్య ఎక్స్‌ప్రెస్సో, మిలాన్ ఎస్ప్రెస్సో

"అసలు ఎస్ప్రెస్సో అంటే ఇది కాదు మావయ్యా" అన్నాను నేను. ఎక్కడ? పెళ్ళిలో, నలుగురి ముందు, ఆయన అందించిన కప్పు చేత్తో పట్టుకుని.

అమెరికాలో ఉద్యోగంలో చేరి మొదటిసారి సెలవు మీద వచ్చిన రోజులవి. అప్పట్లో నాకు తెలియని విషయం లేదు! మావయ్యకి ఓడలరేవులో సప్లై సామాన్ల వ్యాపారం. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, వాటితోపాటు తళతళలాడే కాఫీ మెషిన్ ఒకటి. మా చుట్టుపక్కల దాన్ని అందరూ 'ఎక్స్‌ప్రెస్సో' అనేవారు. ఇన్‌స్టంట్ పొడి, పంచదార కలిపి గిలక్కొట్టిన ముద్ద కప్పులో వేసి, పాలలోకి ఆవిరి గొట్టం పెట్టి బుస్సుమనిపించి, నురగ మీద చాక్లెట్ పొడి చల్లి ఇచ్చేవారు. పెళ్ళిలో భోజనాల దగ్గర కంటే అక్కడే పిల్లల గోల ఎక్కువ.

నా మాటకి మావయ్య ఏమీ అనలేదు. "అవునా అబ్బాయ్" అని నవ్వి, పక్కవాళ్ళకి కప్పు అందించాడు. ఆ తర్వాత ఆ మెషిన్ పెళ్ళిళ్ళకి వెళ్ళడం తగ్గిందనీ, కొన్నాళ్ళకి కొబ్బరికాయల కొట్టులోకి చేరిందనీ అమ్మ చెప్పింది. నా మాట వల్లే అని నేననుకోను. కానీ నా మాట కూడా ఒక చెయ్యి వేసిందేమో అన్న అనుమానం మాత్రం పోలేదు.

సరే, ఆ అనుమానంతోనే అసలు ఎస్ప్రెస్సో అంటే ఏమిటో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నా తలకాయ కిందకి దిగింది.

1884లో ఇటలీలోని టూరిన్ నగరంలో ఆంజెలో మోరియోండో అనే ఆయన ఆవిరితో కాఫీ చేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అది ఒక్కసారిగా ఎక్కువ కాఫీ కాచే యంత్రం. ఒక్కో కప్పు విడివిడిగా, అడిగినవాడికి అప్పటికప్పుడు చేసే పద్ధతికి 1901లో మిలాన్‌కి చెందిన లుయీజీ బెజ్జెరా పేటెంట్ తీసుకున్నాడు. మన చేతిలో ఉండే పిడి గరిటె, అంటే పొడి వేసి మెషిన్‌కి తగిలించేది, ఆయన పుణ్యమే. 1903లో ఆ పేటెంట్‌ని దెసిదేరియో పవోనీ కొన్నాడు. 1905 నుంచి 'ఇదియాలే' అనే మెషిన్లు తయారుచేశాడు. 1906 మిలాన్ ప్రదర్శనలో జనానికి ఈ కాఫీ రుచి చూపించారు.

ఇక్కడే అసలు కిటుకు. ఆ మెషిన్లలో ఒత్తిడి అంతా బాయిలర్లో పుట్టే ఆవిరిదే. మహా అయితే ఒకటిన్నర, రెండు బార్లు. నీళ్ళు మరీ వేడిగా ఉండేవి కాబట్టి కాఫీ మాడి చేదెక్కేది. పైన బంగారు రంగు నురగ, ఇప్పుడు మనం 'క్రెమా' అని మురిసిపోయేది, ఉండేదే కాదు. అయినా దాన్ని నలభై ఏళ్ళపాటు ఇటలీవాళ్ళు ఎస్ప్రెస్సో అనే పిలిచారు, తాగారు, పేరు పెట్టిందే వాళ్ళు!

క్రెమా వచ్చింది ఆకీలే గాజ్జియా వల్ల. 1938లో ఒక పేటెంటు, ఆ తర్వాత యుద్ధం అయ్యాక 1947లో స్ప్రింగు, పిస్టన్ ఉన్న మీట యంత్రానికి ఇంకో పేటెంటు. మీట లాగితే స్ప్రింగు నొక్కుకుంటుంది, వదిలితే అది నీళ్ళని ఎనిమిది, తొమ్మిది బార్ల ఒత్తిడితో పొడిలోంచి తోస్తుంది. ఇవాళ మీట లేని మెషిన్లలో కూడా షాట్ 'లాగడం' అంటున్నామంటే అది ఆ కాలపు మాటే. 1961లో ఫేమా కంపెనీ 'ఇ 61' అనే మెషిన్లో మీట తీసేసి మోటారు పంపు పెట్టింది. ఆ ఏడాది వచ్చిన సూర్యగ్రహణం గుర్తుగా ఆ పేరు. తొమ్మిది బార్లు అనే లెక్క అక్కడ స్థిరపడింది.

అంటే నేను పెళ్ళిలో గొప్పగా చెప్పిన 'అసలు' నిర్వచనం వయసు మా తాతగారికంటే తక్కువ అన్నమాట.

అలాగని మావయ్య మెషిన్, ఇదియాలే ఒకటే అనను. పెద్ద తేడా ఉంది. ఇదియాలేలో ఆవిరి ఒత్తిడి నీళ్ళని కాఫీ పొడిలోంచి తోసేది. మన పెళ్ళి మెషిన్లో ఆవిరి పాలలోకి పోతుంది, కాఫీ ఇన్‌స్టంట్ పొడిది. అంటే తాతగారి ఆస్తిలో బాయిలరూ, ఆవిరి గొట్టమూ మనకి వచ్చాయి, పిడి గరిటె రాలేదు. మనది దొంగ సరుకు కాదు, వేరుపడ్డ కొమ్మ. పాలు, పంచదార లేకుండా కాఫీ ముట్టని జనం, ఆ యంత్రంలో తమకి పనికొచ్చే సగం ఉంచుకున్నారు.

ఇంకో విషయం. కాఫీ మనకి పైనుంచి దిగిన వస్తువు అనుకుంటాం. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి కాఫీ మొక్కలు తెచ్చి నాటించింది మన గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో. ఆంధ్రదేశంలో కాఫీ అక్కడ మొదలై, 1920ల నాటికి అరకు, చింతపల్లి వైపు పాకింది. 1956లో గిరిజన సహకార సంస్థ, 1975లో అటవీ అభివృద్ధి సంస్థ వచ్చాయి, తోటలు పెరిగాయి. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య, ఎకరం రెండెకరాల్లో గిరిజన రైతులు పండించే ఆ గింజకి 2017లో పారిస్‌లో దుకాణం వెలిసింది, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అటు ఇన్‌స్టంట్ సంగతి చూస్తే, 1994లో చల్లా రాజేంద్రప్రసాద్ పెట్టిన సి.సి.ఎల్. ప్రాడక్ట్స్ దుగ్గిరాల నుంచి ప్రపంచమంతా ఎగుమతి చేస్తోంది. పెళ్ళి కాఫీ పొడీ మనదే, పారిస్ కాఫీ గింజా మనదే.

ఇహ పోయిన సంక్రాంతికి మావయ్యే ఫోన్ చేశాడు. "ఏరా, నీ అసలు ఎస్ప్రెస్సో ఏవిటో ఓసారి చూపించు. ఇంట్లోకి ఒకటి కొందాం, ఏది కొనాలో నువ్వే చెప్పు" అన్నాడు. ఇంతకంటే ప్రాయశ్చిత్తం ఏముంటుంది? అమెరికా నుంచి వచ్చేసేటప్పుడు మోసుకొచ్చిన నా పాత మెషిన్ ముందు అక్కడికి పట్టుకెళ్ళాను.

అది 120 వోల్టులది. హైదరాబాద్‌లో రెండు కిలోవాట్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద నెట్టుకొస్తున్నాను. అది వోల్టేజీని తగ్గిస్తుంది గానీ, కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చదు. ఇళ్ళ మెషిన్లలో ఉండే కంపన పంపు ఆ ఫ్రీక్వెన్సీతోనే ఆడుతుంది. అక్కడ 60కి ఆడాల్సింది ఇక్కడ 50కి ఆడుతూ నీరసంగా మూలుగుతోంది. కాబట్టి సోదరులారా, అక్కడినుంచి మెషిన్ మోసుకురాకండి. ఇక్కడి 230 వోల్టులది కొనుక్కుని, పదహారు ఆంపియర్ల ప్లగ్గులో పెట్టుకోండి.

చరిత్ర చదివినందుకు కొనేటప్పుడు కొంత లాభం కూడా ఉంది. పెట్టె మీద 15 బార్, 20 బార్ అని పెద్దక్షరాలతో రాస్తారు. అది పంపు ఇవ్వగలిగిన గరిష్ఠం. గాజ్జియా నుంచి ఇప్పటిదాకా కాఫీకి కావాల్సింది తొమ్మిది చుట్టుపక్కలే. అంతకంటే చూడాల్సింది వేడి నిలకడ. 90 నుంచి 96 డిగ్రీల మధ్య నీళ్ళు రావాలి. ఇదియాలే మాడ్చేసిన తప్పు మళ్ళీ చెయ్యకూడదు కదా. ఒకటే బాయిలర్ ఉంటే కాఫీ లాగాక ఆవిరి కోసం కాసేపు ఆగాలి. ఇద్దరున్న ఇంటికి ఫరవాలేదు, పదిమంది చుట్టాలొస్తే చిరాకు.

గింజలు మర చాలా ముఖ్యం. డబ్బు తక్కువైతే మెషిన్‌లో తగ్గించుకోండి, మరలో కాదు. పద్దెనిమిది గ్రాముల పొడి, ముప్పై ఆరు గ్రాముల కాఫీ, పాతిక నుంచి ముప్పై సెకన్లు. ఇది మొదలుపెట్టడానికి లెక్క. త్వరగా కారిపోతే పొడి ఇంకా సన్నగా, చుక్కచుక్కగా వస్తే కొంచెం ముతకగా. మన కోడ్‌లో లాగే, ఒకసారికి ఒకటే మార్చాలి. వేయించి నెలలు గడిచిన గింజలోంచి గ్యాసు పోతుంది కాబట్టి క్రెమా రాదు. రెండు పొరల జల్లెడ గిన్నెతో కొన్ని మెషిన్లు ఉత్తుత్తి నురగ పుట్టిస్తాయి, దాన్ని చూసి మోసపోకండి.

అన్నిటికంటే పెద్ద శత్రువు నీళ్ళు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట ఊరు. బోరు నీళ్ళు నోట్లో పెట్టుకుంటే ఉప్పు. ఆ నీళ్ళు పోస్తే బాయిలర్లో సున్నం పట్టడం ఒకటైతే, ఉప్పు లోహాన్ని తినేయడం ఇంకోటి. సున్నాన్ని నిమ్మ ఉప్పుతో కడగొచ్చు, తినేసిన లోహం తిరిగి రాదు. పూర్తిగా ఖనిజాలు తీసేసిన నీళ్ళయితే రుచి చప్పగా ఉంటుంది, కొన్ని మెషిన్లలో నీటిమట్టం చూసే కడ్డీ ఆ నీళ్ళని గుర్తించదు కూడా. తాగే క్యాను నీళ్ళు పోయించాను. మావయ్య నవ్వి, "పెళ్ళిళ్ళకి నేను మంచినీళ్ళ బిందెలు ఊరికే మోయించానంటావా?" అన్నాడు.

మూలుగుతూనే ఆ మెషిన్ మూడో ప్రయత్నానికి తాగదగ్గ షాట్ ఇచ్చింది. మావయ్య ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, "బావుంది గానీ, పాలేవిరా" అన్నాడు. ఫ్రిజ్‌లో చల్లటి గేదె పాలు తీసి నేను ఆవిరి పెట్టాను. సబ్బు నురగలా పెద్ద పెద్ద బుడగలొచ్చాయి. ఆయన జగ్గు నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ చల్లటి పాలు పోశాడు. గొట్టం మూతి పాలపైకి అంటీఅంటనట్టు పెట్టి, చెవితో వింటూ, రెండో అరచెయ్యి జగ్గుకి ఆనించి పట్టుకున్నాడు. చెయ్యి కాలబోయే ముందు ఆపేశాడు. పాలు పట్టులా మెరిశాయి. నేను ఏళ్ళ తరబడి వీడియోలు చూసినా రాని పని అది.

కొట్టులోకి వెళ్ళి పాత మెషిన్ చూశాను. "దాన్ని వెలిగించకు. సేఫ్టీ వాల్వు పట్టేసింది, పేలుద్ది" అన్నాడు వెనకనుంచి. అప్పుడు చెప్పాను, ఆ రోజు పెళ్ళిలో నేనన్నది తప్పని. ఇటలీ కథ మొత్తం చెప్పాను. అంతా విని, "అయితే మనది పాత మోడలు అన్నమాట" అన్నాడు.

అంతే మావయ్యా, పాత మోడలే. ఆయనకి 230 వోల్టుల ఒకే బాయిలర్ మెషిన్, మంచి మర కొనిచ్చాను. ఫోన్ చేసినప్పుడల్లా పాల నురగ గురించి ఇప్పుడు నేనే ఆయన్ని అడుగుతున్నాను.