లెక్కలోకి రాని అల
(తీరం కథలు - 4)

ఉప్పెన, సునామీ ఒకటేనా అని క్లాసులో ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. దివిసీమ పేరు వినని ఇల్లు మన కోస్తాలో లేదు కాబట్టి రెంటినీ ఒకే గాటన కడతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. అది తుఫాను వెంట వచ్చింది. ఉప్పెనకు ముందు గాలి లేస్తుంది, వాన పడుతుంది, ఆకాశం ఏదో ఒకటి చెబుతుంది. సునామీకి గాలితో పని లేదు. 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున సుమత్రా పక్కన సముద్రం అడుగు కదిలినప్పుడు మన గడియారాల్లో ఆరున్నర. తీవ్రత 9.1. నడి సముద్రంలో ఆ అల విమానం వేగంతో పోతుంది, కానీ ఎత్తు మీటరు కూడా ఉండదు. పైన పడవలో ఉన్న మనిషికి తెలియను కూడా తెలియదు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది, వెనక నీళ్లు ముందు నీళ్ల మీదికెక్కి గోడలా లేస్తాయి.

అల మన వైపుకి రావడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటల్లో పట్టపుపాలాలకు ఒక్క కబురు పంపిన వాళ్లు లేరు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది 2007లో.

ప్రభుత్వ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 105 మంది చనిపోయారు, నెల్లూరు జిల్లాలో 20 మంది. తమిళనాడులో దాదాపు ఎనిమిది వేలు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేలు దాటాయి. మన దగ్గర తక్కువ పోవడానికి ఒక కారణం భూగోళం. అల బలం ఎక్కువగా శ్రీలంక, తమిళనాడు వైపు సాగింది. రెండో కారణం గురించి 2005లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఒడ్డుకు సమాంతరంగా వందల కిలోమీటర్లు పోయే బకింగ్‌హాం కాలువ సునామీ నీళ్లను తనలోకి తీసుకుని, మళ్లీ సముద్రంలోకి వదిలిందని, లోపలి ఊళ్లు అలా బతికాయని అందులో ఉంది.

ఇక్కడ నేను ఆగాలి. చరిత్ర పుస్తకాలు ఈ కాలువను ఒక డ్యూకు పేరుతో పిలిచి ముందుకు వెళ్లిపోతాయి. 1806లో మద్రాసు ఉత్తరాన ఒక దొర వ్యాపారానికి మొదలైన తవ్వకం దశలు దశలుగా మన నెల్లూరు తీరం వెంబడి పెద్దగంజాం దాకా వచ్చింది. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల్ని కలిపే ముక్కను 1877-78లో, ధాత కరువు కాలంలో, కరువు పని కింద తవ్వించారు. నెల్లూరు కూడా ఆ కరువులో మాడిన జిల్లానే. ఆ రోజుల్లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మట్టిపని చేస్తే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. భూమి లేనివాళ్లనే కరువు ముందు కొట్టింది. గంప నెత్తికెత్తుకున్నది ఏ వాడల జనమో నేను విడమరచి చెప్పక్కర్లేదు. కాలువకు మాత్రం గవర్నరు బకింగ్‌హాం పేరు మిగిలింది.

ఇప్పుడు ఆ కాలువ కట్టల మీద చాలాచోట్ల గుడిసెలు వేసుకుని ఉన్నది యానాదులు. పోరంబోకు, పట్టా ఉండదు. పడవ లేకుండా వాగుల్లో, కయ్యల్లో మోకాలి లోతు నీళ్లలో దిగి రొయ్యా పీతా పట్టుకుంటారు, రొయ్యల గుంటలకు కాపలా ఉంటారు. అల వచ్చి కాలువ నిండితే మొదట తడిసేది వీళ్ల పొయ్యి.

సునామీ నష్టాన్ని మన వ్యవస్థ పడవల్లో, వలల్లో, ఇళ్లలో కొలిచింది. పట్టపు వాళ్ల నష్టం చిన్నదని నేననను. సముద్రం మీద బతికే వాళ్ల పడవ పగిలితే మిగిలేది అప్పే. కానీ పడవ లేనివాడి నష్టానికి ఫారంలో గడి లేదు. నా దగ్గర చదివిన ఒక యానాది అమ్మాయి చెప్పింది: "రాసుకోడానికొచ్చినాయన మీ పడవ నెంబరెంత అని అడిగినాడంట సార్. మా నాయన బుట్ట చూపించినాడంట." ఆ బుట్ట ఏ జాబితాలోనూ లేదు. చేపలు మోసే కూలీ, ఉప్పు మడిలో పని, చౌడెక్కిన చేలో పోయిన కోతపని, ఉప్పగా మారిన చలమ ఇవీ అంతే. నాగపట్నంలో ఇది ఇంకా పచ్చిగా జరిగింది. దళితులను సహాయ శిబిరాల నుంచి వెళ్లగొట్టారని, మంచినీళ్ల ట్యాంకులు ముట్టనివ్వలేదని 2005లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదికలో నమోదైంది. శవాలు తీయడానికి మాత్రం పక్క మునిసిపాలిటీల నుంచి దళిత పారిశుద్ధ్య కార్మికులను లారీల్లో తెచ్చారు.

తీరానికి జరిగిన హాని ఒక్క ఆదివారంతో మొదలు కాలేదు. ఇసుక దిబ్బ, సరుగుడు తోపు, కండలేరు ముఖద్వారం దగ్గర మడ చెట్లు అల ఊపును కొంత విరుస్తాయి. పెద్ద అలకు మడ అడవి ఎంతవరకు ఆగుతుందన్న దాని మీద శాస్త్రవేత్తల్లో వాదం ఉంది. దిబ్బను చదును చేసి గుంట తవ్వితే నీళ్లకు దారి సుగమం అవుతుందన్న దాని మీద వాదం అక్కర్లేదు. తొంభైల్లో నెల్లూరు రొయ్యల రాజధాని అయింది. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలిలో రొయ్యల గుంటలు ఉండకూడదంది. సునామీ వచ్చిన ఆరు నెలలకు, 2005లో, పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ నిషేధం గుంటలకు వర్తించదని వెనకటి తేదీ నుంచి రాసిపెట్టింది. తీరమంతా శవాలు లేచిన ఏడాదిలో దిల్లీకి అత్యవసరంగా కనిపించిన తీర చట్టం అది. విద్యార్థి మిత్రులు ఆ చట్టం 27వ సెక్షన్ తప్పక చదవండి. చిన్నదే, ఒక పేజీ.

కాలువ ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది, గుర్రపుడెక్క నిండింది. 2008లో దాన్ని జాతీయ జలమార్గం-4లో కలిపారు. తవ్వి వెడల్పు చేసే రోజు వస్తే మొదట లేపేది కట్ట మీది గుడిసెలనే. ఆ గుడిసెల్లో కొందరి తాతలను 1969 తర్వాత రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట నుంచి ఒకసారి లేపారు. వచ్చే భాగం ఆ దీవి గురించి.

జై భీమ్.