పన్ను పుస్తకంలో లేని పేర్లు

మన అభ్యుదయ మిత్రులలో ఒక అభిప్రాయం చాలాకాలంగా పాతుకుపోయి వున్నది. భూమికోసం, కూలికోసం జరిగేదే అసలైన పోరాటమనీ, పన్ను తగ్గించమని అడగడం ఆస్తిపరుల గొడవ అనీ వారి భావం. పన్ను కట్టేవాడికి యేదో కొంత ఆస్తి వుండితీరాలి కదా, యేమీ లేనివాడికి పన్నుతో పనేమిటి అంటారు. యీ మాట పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. కాని గత నూరేళ్ళలో తెలుగుదేశంలో జరిగిన పన్నుల ఉద్యమాలను దగ్గరగా చూస్తే, పన్ను పుస్తకంలో పేరున్నవాడు ఒకడు, చేతిలోంచి డబ్బు పోగొట్టుకునేవాడు మరొకడు అని తెలుస్తున్నది. యే ఉద్యమం యీ రెండవ మనిషిని లెక్కలోకి తీసుకున్నది, యేది వదిలేసింది అన్నదే నేను యిక్కడ పరిశీలించదలచుకున్న విషయం.

పన్నుల చరిత్ర మా ఓరుగల్లుకు కొత్తది కాదు. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును అంతకు ముందటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. అది యికమీదట జరగదనీ, యెగుమతి దిగుమతుల మీద ముప్ఫైకి ఒకటి చొప్పున సుంకం మాత్రమే తీసుకుంటామనీ ఆ శాసనం చెబుతుంది. రాజు దయాళువని నిరూపించడానికి నేను దీన్ని యెత్తుకోలేదు. వర్తకులు రావడం మానితే నష్టం రాజుకే. కాని తానెంత కట్టాలో కట్టేవాడికి ముందుగా తెలియాలనే సంగతి రాతిమీదికి యెక్కిందంటే, ఆ రాయి వెనక వర్తకుల వొత్తిడి కొంతైనా వుండివుంటుందని నా వూహ.

ఆ మోటుపల్లికి కూతవేటు దూరంలోనే చీరాల వున్నది. ఆరు వందల డెబ్భై అయిదేళ్ళ తరువాత, 1919లో, చీరాల పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చింది. అంతకుముందు అది యూనియన్. యేటా నాలుగువేల రూపాయల పన్నుతో నడిచిపోయేది. మునిసిపాలిటీ అయితే ఆ భారం యెన్నో రెట్లు పెరుగుతుందని జనం గగ్గోలు పెట్టారు. అక్కడి జనాభా సుమారు పదిహేను వేలు. వారిలో చాలామంది నేతగాళ్ళు. యింటిపన్ను అంటే వారికి మగ్గం మీద పన్నే. యెందుకంటే యిల్లూ మగ్గమూ ఒకటే కప్పుకింద వుంటాయి.

మొదట అర్జీలు పెట్టుకున్నారు. ఫలితం లేకపోయింది. పురపాలక సభ్యులు రాజీనామా యిస్తే జీతగాడయిన అధికారితో ప్రభుత్వం పాలన నడిపింది. యిక్కడ మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా దాటవేసే ఒక సంగతి వున్నది. 1919 చట్టంతో వచ్చిన ద్వంద్వ ప్రభుత్వంలో స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. మద్రాసులో ఆ శాఖ జస్టిస్ పార్టీకి చెందిన పానగల్లు రాజా రామరాయణింగారిది. అంటే చీరాల నేతగాడి నెత్తిన పన్ను మోపి దింపనన్న ప్రభుత్వంలో ఆ శాఖ కుర్చీలో కూర్చున్నవాడు దొర కాడు, మనవాడే. పన్నుకు రంగు లేదు, వర్గం వున్నది.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య యీ దశలో రంగంలో దిగాడు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవాడు, సాహిత్యం యెరిగినవాడు, చక్కని పాటగాడు. రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని తయారుచేశాడు. ఉద్యమానికి పురాణం రంగు పులిమాడని ఆయనను ఆక్షేపించడం మనకు తేలిక. కాని అక్షరం రాని పదివేల మందిని ఒక్క తాటిమీద నిలపడానికి ఆ పేరు పనికివచ్చింది. రామదండులో చేరినవాడికి రోజువారీ పని వుండేది, క్రమశిక్షణ వుండేది. కరపత్రం చదవలేని వూరిలో కరపత్రం చేయవలసిన పని ఆయన పాటతోనూ వేషంతోనూ చేయించాడు. సాహిత్యం బోధించి బతికే నాబోటివాళ్ళు యిది గమనించాలి.

1921 ఏప్రిల్ లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల తరువాత గాంధీజీ చీరాల వచ్చాడు. పన్ను కట్టకుండా శాంతియుతంగా నిలబడడం, లేదా వూరే వదిలిపోవడం అని రెండు దారులు చూపాడు. జనం వూరు వదిలారు. పొలిమేర అవతల పాకలు వేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. యెండాకాలం, వానాకాలం, చలికాలం కలిపి దాదాపు పదకొండు నెలలు అక్కడే వున్నారు. గుంటమగ్గం నాలుగు కర్రలు పాతి యెక్కడపడితే అక్కడ పెట్టుకునే వస్తువు కాదు. వానాకాలంలో పాకలో మగ్గపు గుంటలోకి నీరు వూరితే నేత ఆగుతుంది, నేత ఆగితే గంజి ఆగుతుంది. మా మట్టెవాడ పక్కనున్న కొత్తవాడ నేతగాళ్ళ నడిగితే ఆ బాధ యేమిటో చెబుతారు.

ఆ యేడు గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఒక సంవత్సరం శిక్ష వేశారు. నడిపించే మనిషి జైలుకు పోయేసరికి నిధులు అందడం, తగవులు తీర్చడం, జనాన్ని నిలబెట్టడం అన్నీ కుంటుపడ్డాయి. 1922లో జనం తిరిగి వూళ్ళోకి వచ్చారు. మునిసిపాలిటీ మిగిలిపోయింది. ఆయన 1928లో క్షయరోగంతో, పేదరికంలో చనిపోయాడు. చీరాలలో పోరాడిన వాళ్ళు ఆస్తిపరులు కారు. కాబట్టి నా మిత్రుల సిద్ధాంతం మొదటి మెట్టు మీదనే తడబడుతున్నది. అక్కడ లోపించింది వర్గస్వభావం కాదు, నాయకుడు లేనప్పుడు కూడా నడిచే సంఘం.

ఆ సంఘ నిర్మాణం యెట్లా వుంటుందో పక్కనే పెదనందిపాడు ఫిర్కాలో 1922 తొలి నెలలలో కనిపించింది. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన అక్కడి రైతులు భూమిశిస్తు ఆపేశారు. గ్రామాధికారులు రాజీనామాలు యిచ్చారు. దీనిలో యెంతో తెలివి వున్నది. కరణం, మునసబు లేకపోతే యెవరు యెంత బాకీ వున్నారో చెప్పే నాథుడు లేడు. జప్తుచేసిన పశువులను వేలం వేస్తే పాడేవాడు లేడు. శాంతిసేన పేర వాలంటీర్లు వూరూరా కాపలా వున్నారు. యంత్రాంగం నిజంగానే స్తంభించింది.

అయితే అది పట్టాదారుల ఉద్యమం. శిస్తు రసీదు యెవరి పేర వస్తుందో వారిదే ఆ పోరు. ఆ పట్టాదారు దగ్గర భూమి కౌలుకు తీసుకున్నవాడు, ఆ పొలంలో నాట్లు వేసిన మాలమాదిగ కూలీ యీ లెక్కలో యెక్కడ వున్నారో వెతికినా నాకు స్పష్టంగా కనిపించలేదు. చౌరీచౌరా తరువాత 1922 ఫిబ్రవరిలో బార్డోలీలో సమావేశమైన కాంగ్రెసు కార్యవర్గం ఉద్యమాన్ని ఆపుతూ, రైతులు శిస్తు కట్టేయాలనీ, జమీందార్ల చట్టబద్ధమైన హక్కులకు కాంగ్రెసు యెదురు రాదనీ తీర్మానించింది. పన్ను గురించి మొదలైన తీర్మానంలోకి కౌలు వచ్చి చేరడం యాదృచ్ఛికమని యెవరైనా అనగలరా? ప్రభుత్వానికి శిస్తు యెగవేయడం నేర్చినవాడు రేపు జమీందారుకు కౌలు యెగవేయడం కూడా నేరుస్తాడనే భయం అందులో వున్నది. పలనాడులో పశువుల మేతకు వేసిన పుల్లరిని యెదిరించిన కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలి అయినది కూడా ఆ ఫిబ్రవరిలోనే.

తరువాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. కృష్ణా గోదావరి జిల్లాలలో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున, అనగా 18.75 శాతం పెంచాలని ప్రభుత్వం తలపెడితే రైతులు సభలు పెట్టి యెదిరించారు. 1928లో బార్డోలీ రైతులు 22 శాతం పెంపును సుమారు 6 శాతానికి దింపుకోవడం వీరికి బలమిచ్చింది. యీ సభలలో కొత్తదనం లెక్క. విత్తనానికి యెంత, యెడ్లకు యెంత, అప్పుమీద వడ్డీ యెంత, చివరికి చేతిలో మిగిలేది యెంత అని రైతు ముందే లెక్కవేసి చూపడం. ఆ లెక్క వేయగానే వడ్డీవ్యాపారి కూడా బయటపడ్డాడు. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా తొమ్మిది జిల్లాల మీదుగా 130 రోజులపాటు, 1500 మైళ్ళకు పైగా సాగిన రైతు యాత్ర దారిపొడుగునా 1100కు మించిన అర్జీలు సేకరించి 1938 మార్చి 27న శాసనసభకు అందజేసింది. అడిగినవాటిలో ముఖ్యమైనది రుణవిముక్తి. ఆ యేడే మద్రాసులో రైతు రుణవిమోచన చట్టం వచ్చింది. అర్జీ అంటే చులకనగా చూసే మనం, అర్జీ పెట్టడానికి జనం 1500 మైళ్ళు నడిస్తే అది అర్జీగా మిగలదని గ్రహించాలి.

యిక మా నైజాం సంగతి. యిక్కడ పన్ను అనే మాటకు అర్థమే వేరు. రాష్ట్రంలో సుమారు పదింట ఆరువంతుల భూమి దివానీ, మూడువంతులు జాగీర్లు, ఒకవంతు నిజాం సొంత ఖర్చుకోసం సర్ఫెఖాస్. సర్కారు శిస్తు ఒకటి. దానిపైన దేశ్‌ముఖ్ యింట పెళ్ళికి, పండుగకు, బిడ్డ పుట్టినా, ముసలాయన చచ్చినా వూరిమీద పడే వసూళ్ళు మరొకటి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ వూరికే చేయవలసిన వెట్టి యింకొకటి. యీ మూడోది యే పుస్తకంలోనూ వుండదు. నా దృష్టిలో వెట్టి అన్నది మనిషి వొంటిమీద వేసిన పన్ను. నాణెం లేనివాడి దగ్గర పొద్దును వసూలు చేయడం.

1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం చాలా మెత్తగా మొదలైంది. మాడపాటి హనుమంతరావు వంటి పెద్దలు విజ్ఞప్తుల దారి పట్టారు. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద ముందుగా అనుమతి కావాలి. అటువంటి రాజ్యంలో విజ్ఞప్తి కూడా సాహసమే. దౌరా వచ్చిన అధికారులు తమకు తోచిన ధరకు దుకాణాల సరుకు పట్టుకుపోవడం గురించి వారు వర్తకుల తరఫున రాశారు, వెట్టిని గురించి చిన్న పుస్తకాలు వేశారు. సర్కారు భాష ఉర్దూ. నిబంధన యేమున్నదో తెలుగువాడికి తెలియదు. చట్టంలో లేని వసూలును లేదని చెప్పడమే అప్పటికి ఉద్యమం. మా మట్టెవాడలోని శబ్దానుశాసనాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలను నేను యీ కోణంలోంచే చూస్తాను. భాషాసేవ అని వాటిని పొగిడి వూరుకోవడం అన్యాయం. తన రసీదు తాను చదువుకోగలవాడిని పట్వారీ మోసగించడం కష్టం.

కాని వర్తకుడి బాధ, పట్టాదారు బాధ తీరేచోట ఆ మెత్తని దారి ఆగిపోయింది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదకొండవ ఆంధ్ర మహాసభ దాన్ని దాటింది. సభ్యత్వ రుసుం తగ్గించారు. యిది చిల్లర విషయంగా కనిపిస్తుంది. అయితే రుసుం తగ్గకపోతే జీతగాడు, కూలీ సభ్యుడు కాలేడు. వాడు సభ్యుడైన రోజున వెట్టి, లెవీ, అక్రమ వసూళ్ళు, బేదఖళ్ళు తీర్మానాల అట్టడుగు నుంచి తలమీదికి వచ్చాయి. యుద్ధకాలపు ధాన్యం లెవీ యిందుకు మంచి నిదర్శనం. చట్టం చూస్తే అందరికీ ఒకటే. గ్రామంలో లెక్క రాసేవాడు పట్వారీ, వాడు దేశ్‌ముఖ్ మనిషి. వేల యెకరాల గడీ తప్పించుకుంటుంది, రెండెకరాలవాడు బజారులో వడ్లు కొని మరీ లెవీ కొలవవలసి వస్తుంది. పన్ను శాతం తగ్గించమంటే యీ అన్యాయం పోదు. లెక్క యెవరు రాస్తున్నారు అని అడగాలి. అది అడిగినందుకే విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలితీసుకున్నది. ఆ తరువాత పోరాటం పన్ను దాటి భూమికి చేరింది. మన మిత్రులు భూమితోనే చరిత్ర మొదలుపెడతారు. దానికి ముందు రెండేళ్ళపాటు వూరూరా లెవీ లెక్కలు విప్పి చూపిన సంఘపు పనిని మరచిపోతారు.

ఒకనాడు తరగతిలో మీలో పన్ను కట్టేవారెవరని అడిగితే ఒక్క చెయ్యి కూడా లేవలేదు. మీ చేతిలోని కలం, మీరు పొద్దున వాడిన సబ్బు యెంతకు కొన్నారంటే చెప్పారు. ఆ ధరలోనే పన్ను కలిసివుందని కొందరికి తెలుసు. కాని దాన్ని తాము కట్టినట్టుగా వారు భావించలేదు. పరోక్షపు పన్నులోని మహిమ యిదే, కట్టినవాడికి తాను కట్టానన్న స్పృహ వుండదు.

2017 జూలై 1న దేశమంతటా వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు నూలుమీద, బట్టమీద అయిదు శాతం, రంగుల మీద పద్ధెనిమిది శాతం పడింది. తాను కొన్న సరుకుపై కట్టిన పన్నును తిరిగి రాబట్టుకునే సదుపాయం నమోదైన వ్యాపారికే వున్నది. యింట్లో మగ్గం పెట్టుకున్న నేతగాడికి నమోదు లేదు. నూలుతో పాటు పన్ను కొంటాడు, పుస్తకంలో అతని పేరుండదు. బట్టలమీద పన్నును పన్నెండు శాతానికి పెంచాలన్న నిర్ణయం దేశవ్యాప్తంగా నిరసన రావడంతో 2021 డిసెంబర్ 31న వాయిదా పడింది. 2022లో చేనేతపై పన్ను యెత్తివేయాలని తెలంగాణ మంత్రి కె. తారకరామారావు ప్రధానికి పోస్టుకార్డు రాసి, అందరినీ రాయమన్నాడు. కార్డు రాయడం మంచిదే. 1938 నాటివాళ్ళూ కాగితాలే పట్టుకెళ్ళారు. కాని అధికారంలో వున్న పార్టీ పిలుపునిచ్చి రాయించిన కార్డుకూ, వూరి సంఘం కూర్చుని నూలు చిట్టీలు ముందుపెట్టుకుని రాసుకున్న అర్జీకీ తేడా వున్నది. కొత్తవాడలో జంపఖానా నేసే కూలికి నూలు యిచ్చేది షావుకారు, బట్ట తీసుకునేదీ షావుకారే. పన్ను మాఫీ అయితే ఆ అయిదు రూపాయలు యెవరి సంచిలో చేరతాయి, కూలి రేటులో అందులో వాటా యెంత అని ఆ కార్డులో రాయడానికి చోటు లేదు. చీరాలలో దుగ్గిరాల, భువనగిరిలో రావి నారాయణరెడ్డి తరువాత ఆ లెక్క మగ్గాల మధ్య కూర్చుని విప్పే పని యిప్పటికీ మొదలుకావలసే వున్నది. నూలు చిట్టీలు చదివిపెట్టడానికి మా కళాశాలలో చదువుకున్న నేతవాడల పిల్లలు చాలామందే వున్నారు.