నాలుగు గట్లు కొలిస్తే చాలదు

1792లో శ్రీరంగపట్నం ఒడంబడికతో టిప్పు సుల్తాన్ ఏలుబడిలోని బారామహల్ ఈస్టిండియా కుంఫిణీ చేతికి వచ్చింది. నేటి తమిళనాడులోని ధర్మపురి అందులోదే. శిస్తును ఊరి మీద కాక చేను మీద కట్టాలని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో అక్కడి పొలాలను కొలిపించారు. రైతు నుంచే నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతికి పునాది పడింది ఈ కొలతలతోనే. ధర్మపురిలో ఏళ్లపాటు పనిచేసిన మన్రో 1800లో, నిజాం కుంఫిణీకి వదిలిన దత్తమండలాలకు వచ్చి, 1802లో అక్కడా సర్వే మొదలుపెట్టించారు. కొలత గొలుసు పొడవు 33 అడుగులు. నాలుగు వైపులా ఒక్కో గొలుసు ఉండే చదరం 1,089 చదరపు అడుగులు, అదే గుంట. 40 గుంటలు ఎకరం.

చదరం లెక్క సులువే. చేలన్నీ చదరంగా ఉండవు. వంకర చేను వైశాల్యానికి మన దేశంలో చాలాకాలంగా ఒక స్థూల లెక్క ఉంది: ఎదురెదురు భుజాలను కూడి సగం చేయాలి, ఆ రెండు సగాలను హెచ్చించాలి. 628లో బ్రహ్మగుప్తుడు దీన్ని చెబుతూనే, ఇది స్థూలమని, సూక్ష్మ ఫలానికి వేరే సూత్రం ఉందని స్పష్టం చేశాడు. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉంటేనే ఆ సూత్రం సరిపోతుంది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అలా లెక్కల శాస్త్రం మన భాషలోకి వచ్చింది.

స్థూల లెక్కతో చిక్కేమిటి? నాలుగు గట్లూ 50 అడుగులే ఉన్న రెండు చేలను తీసుకుందాం. రెండింటి చుట్టుకొలతా 200 అడుగులే. మొదటిది చదరం, వైశాల్యం 2,500 చదరపు అడుగులు. రెండోది పక్కకు ఒరిగింది. దాని కర్ణాలు 60, 80 అడుగులు. అసలు వైశాల్యం 2,400. స్థూల లెక్క మాత్రం దీనికీ 2,500 అనే చెబుతుంది. ఈ లెక్క ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువ చూపదు; చేను ఎంత వంకరైతే అంత ఎక్కువ చూపుతుంది. శిస్తు విస్తీర్ణాన్ని బట్టి కడితే, లేని నేలకూ రైతే చెల్లించాలి.

దీనికి విరుగుడు కర్ణం. ఒక మూల నుంచి ఎదుటి మూలకు గొలుసు లాగితే చేను రెండు త్రిభుజాలవుతుంది. మిగిలిన రెండు మూలల నుంచి ఆ గీతకు లంబాలు కొలిచి, వాటి మొత్తాన్ని కర్ణంతో హెచ్చించి సగం చేస్తే కచ్చితమైన వైశాల్యం వస్తుంది. నేటి బడి పుస్తకాల్లోని చతుర్భుజ సూత్రం ఇదే. పిల్లలకు దీన్ని బల్ల మీదే కాక చేలోనూ నేర్పాలి. తమ భూమి లెక్కను తామే సరిచూసుకునే శక్తి ఈ ఒక్క సూత్రంతో వస్తుంది.