రాత్రిబడి నుంచి శాసనసభ దాకా

పెద్దలకు ఓనమాలు దిద్దించడం ఏ ప్రభుత్వానికైనా నిరపాయకరమైన కార్యక్రమంగానే కనిపిస్తుంది. నెల్లూరు చరిత్ర చెప్పేది వేరు.

1990ల ఆరంభంలో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలికి వెళ్లిన స్త్రీలు చీకటి పడ్డాక పలకలు పట్టుకుని వయోజన విద్యాకేంద్రాలకు వచ్చేవారు. వారి వాచకంలో, ఊళ్లో సారాను మాన్పించిన సీతమ్మ కథ ఒక పాఠం. దూబగుంట మహిళలు ఆ పాఠాన్ని తమ ఊళ్లో అమలు చేశారు. వర్ధినేని రోశమ్మ ముందు నిలిచారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా ఎల్లలు దాటింది. మహిళలు సారా వేలంపాటలనే అడ్డుకున్నారు.

పలక ఇచ్చింది ప్రభుత్వమే, సారా ఆదాయం అనుభవించిందీ ప్రభుత్వమే. ఆ వైరుధ్యాన్ని అది ఎంతోకాలం మోయలేకపోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. ఒకప్పుడు ‘వారుణి వాహిని’ పేరిట పల్లెలకు సారా పంపిన ఎన్టీ రామారావే 1994 డిసెంబరులో సంపూర్ణ మద్యనిషేధంపై తొలి సంతకం చేశారు.

1997లో నిషేధం సడలింది. ఖజానా తన వాదన నెగ్గించుకుంది. అయినా ఇటువంటి కేంద్రాల ఫలితాన్ని అంచనా వేసేటప్పుడు ఎందరు సంతకం నేర్చారన్న లెక్క ఒక్కటే చాలదు. నేర్చినవారు ఆ తర్వాత ప్రభుత్వాన్ని ఏమని నిలదీశారో కూడా చూడాలి.